మిస్సింగ్ అల్లుడు

మా ఆయనకు మా బాపు పెట్టిన పేరు మిస్సింగ్. పొద్దున్నే వాకిట్లో పళ్ళు తోముకుంటూ "ఏం మిస్సింగూ, లేచినవా?" అని కేకేసేవాడు. కంచాల ముందు కూర్చున్నప్పుడు "మిస్సింగుకు ఇంకింత కూర ఎయ్యి, బలం లేక కొట్టుకుంటున్నడు" అని అమ్మకు చెప్పేవాడు. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళ ముందూ అదే పేరు. వాళ్ళు నవ్వేవాళ్ళు. మా ఆయన కూడా నవ్వేవాడు. నవ్వకపోతే బాపు ఇంకో మాట అంటాడని అతనికి తెలుసు.

ఆ పేరు కారు వల్ల వచ్చింది.

బాపుకు ఒక పాత తెల్లకారు ఉండేది. గుండ్రటి ముక్కు, లావు బంపర్లు. జనగామ చుట్టుపక్కల పెండ్లిళ్ళకు దాన్ని తనే నడిపేవాడు. ఎన్ని కొత్త కార్లు వచ్చినా, ఫొటోల్లో బాగుంటుందని ఆ పాత కారే కావాలని అడిగే పెండ్లివారు ఇప్పటికీ ఉన్నారు. బాపు దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు నేను ఒకసారి దాని అద్దం మీద వేలితో బొమ్మ గీస్తే, అదే వేలిని వెనక్కి విరిచి పట్టుకుని అద్దం నాతోనే తుడిపించాడు. బాపు చేతులు చాలా పెద్దవి. ఆ చెయ్యి అమ్మ చెంప మీద పడితే గల్లీ చివరిదాకా వినపడేది. అయినా ఎవరూ వచ్చేవారు కాదు.

నాకు అన్నదమ్ములు లేరు. నన్ను బయటికి పంపడం ఇష్టం లేక బాపు ఇల్లరికం అల్లుణ్ణి వెతికాడు. మా ఆయనది మొగుళ్లపల్లి దగ్గర ఒక పల్లె. తండ్రి లేడు, తల్లి ఒక్కతే. మహబూబాబాద్‌లో బండ్ల కరెంటు పని చేసే ఒక దుకాణంలో పని నేర్చుకుని అక్కడే ఉండేవాడు. పిల్లను చూడటానికి వచ్చిన రోజు బాపు అతన్ని వాకిట్లోకి తీసుకుపోయి, "ఆ బ్యాటరీ ఎత్తి గా మూలకు పెట్టు" అన్నాడు. తెల్లచొక్కా వేసుకుని వచ్చిన మనిషి ఏమీ అనకుండా బ్యాటరీ ఎత్తి మూలకు పెట్టాడు. చొక్కాకు నల్లటి మరక అంటింది. బాపు లోపలికి వచ్చి అమ్మతో, "ఎదురు మాట్లాడడు. పనికొస్తడు" అన్నాడు. తలుపు వెనక ఉన్న నాకు ఆ మాట వినపడింది. ఎద్దుల అంగట్లో కూడా ఇంతకంటే ఎక్కువే అడుగుతారు.

ఆ కారు ఇంజన్ లోపల నిప్పురవ్వ పుట్టించే డబ్బా ఒకటుంటుంది. డిస్ట్రిబ్యూటర్ అంటారు. పాత కార్లలో ఆ డబ్బాలో రెండు చిన్న లోహపు పెదవులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. వాటిని పాయింట్లంటారు. అవి కాలి నల్లబడుతుంటాయి. బాపు వారం వారం వాటిని గరుకు కాగితంతో గీకేవాడు. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. "నిప్పు ఈడ పుడ్తది. నేను గీకితెనే బండి, లేకుంటె తుక్కు" అనేవాడు.

ఇంకో విద్య కూడా ఉండేది బాపుకు. ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్గుల మీది వైర్లను వట్టి చేత్తో ఒక్కొక్కటే పీకి మళ్ళీ పెట్టేవాడు. ఏ వైరు పీకినప్పుడు ఇంజన్ చప్పుడు మారలేదో ఆ సిలిండర్ చచ్చిందని లెక్క. చేతికి షాక్ కొట్టేది. కొట్టినా వదలకుండా చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసి నవ్వేవాడు. జనం గుమిగూడి చూసేవాళ్ళు.

మా పెండ్లయిన కొన్నేళ్ళకు, ఒక వానాకాలం, దేవరుప్పులలో పెండ్లికొడుకును ఎక్కించుకున్నాక కారు స్టార్టు కాలేదు. పాయింట్లకు తేమ పట్టింది. పెండ్లికొడుకు దిగి వేరేవాళ్ళ కారులో పోయాడు. ఆ రాత్రి అమ్మకు దెబ్బలు పడ్డాయి. కారు స్టార్టు కానందుకు అమ్మ ఏం చేసిందో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మా ఆయన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అనే సామాను తెచ్చాడు. పాయింట్లు పీకేసి వాటి చోట వేలి కొసంత నల్లటి ముక్కను బిగించాడు. దాని నుంచి రెండు సన్నని వైర్లు బయటికి వస్తాయి. ప్లగ్గులకు కరెంటు పంపే కాయిలును కూడా తీసి, అంతకంటే బలమైనది పెట్టాడు. పెదవులు లేవు, గీకుడు లేదు, తేమ బాధ లేదు. తాళం ఇట్లా తిప్పగానే బండి అందుకుంది. వాకిట్లో నిలబడ్డ పక్కింటాయన, "అల్లుడంటె గిట్లుండాలె" అని బాపు భుజం తట్టాడు.

బాపు ఆ చేతిని భుజం మీంచి తీసేశాడు.

"మామా, ఒక్క మాట" అన్నాడు మా ఆయన. "ఇదివరకటి లెక్క ప్లగ్గు వైరు చేతితోని పట్టుకోకు. ఈ కాయిలు వేరే. షాక్ మస్తు గట్టిగ కొడ్తది."

"నాకు చెప్తున్నవారా? నువ్వు పుట్టకముందు నుంచి పట్టుకుంటున్న" అన్నాడు బాపు. పీకేసిన పాయింట్లను అరచేతిలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు కారు బాగా నడిచింది. తర్వాత మిస్సింగ్ మొదలైంది. నిలబెట్టి ఉంచితే ఇంజన్ సాఫీగానే ఉంటుంది. రోడ్డెక్కి కాస్త గట్టిగా తొక్కితే ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరెగిరి పడుతుంది. వెనక కూర్చున్న పెండ్లికూతురి తల ముందు సీటుకు కొట్టుకుంటుంది. "నా అల్లుడు పెట్టిన సామాను. సదువుకున్న సామాను" అని బాపు అద్దంలోంచి వాళ్ళకు చెప్పేవాడు.

మా ఆయన పని నుంచి వచ్చాక రోజూ సాయంత్రం దాని మీద పడేవాడు. ప్లగ్గులు విప్పి పెట్రోల్లో కడిగాడు, కొత్తవి మార్చాడు. వైర్లు మార్చాడు. డిస్ట్రిబ్యూటర్ మూతలో బీటలున్నాయేమోనని ఎండలో పెట్టి చూశాడు. పెట్రోలు గొట్టం ఊది చూశాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. బాపు మంచం వాకిట్లో వేయించుకుని కూర్చుని చూసేవాడు.

"విప్పు, అంతా విప్పు. రేపు పొద్దుగాల తుక్కోనికి జోకుదం."

ఒక సాయంత్రం మా ఆయన నన్ను పిలిచి తాళం తిప్పమన్నాడు. ఇంజన్ సాఫీగా తిరుగుతోంది. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. బండి పరిగెత్తేటప్పుడు ఆ గొట్టంలో గాలి పీల్చుకుపోయి, డబ్బా లోపలున్న పళ్ళెం కొద్దిగా పక్కకు జరుగుతుంది. నల్లటి ముక్క బిగించింది ఆ పళ్ళెం మీదే. మా ఆయన గొట్టాన్ని ఊడదీసి నోట్లో పెట్టుకుని గాలి పీల్చాడు. వెంటనే ఇంజన్ ఎక్కిళ్ళు పెట్టింది. వదిలాడు, సాఫీ. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ ఎక్కిళ్ళు.

"దొరికింది" అన్నాడు. మూత తీసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమైంది?"

"వైరు. పైకి మంచిగనె కనపడ్తది, లోపట పోగులు తెగినయ్. పళ్ళెం జరిగినప్పుడల్ల గుంజుకపోతున్నది."

ఎందుకు గుంజుకుపోతోందో చెప్పలేదు. నేనూ అడగలేదు. బాగు చేశాడు. మర్నాడు కారు చక్కగా నడిచింది. వారం తిరగకుండానే మళ్ళీ మిస్సింగ్. మళ్ళీ బాగు చేశాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి అతను నాకేమీ చెప్పలేదు. చప్పుడు చేయకుండా మూత తీసేవాడు, పని చేసి మూత పెట్టేవాడు. అప్పుడే బాపు ఆ పేరు పెట్టాడు.

"వేరే మిస్త్రీకి చూపిద్దమా?" అని ఒకసారి నేనే అడిగాను. అతను నా మొహంలోకి చూసి, "చూపియ్యి" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

మాకు పిల్లలు లేరు. దవాఖానలో పరీక్షలు చేయించుకున్నాం. లోపం నాలో ఉందని తేలింది. ఆ రోజు బస్సులో వస్తుంటే అతను అన్నాడు: "ఇంట్ల చెప్పకు. నన్నంటె పడ్త. నీదని తెలిస్తె మీ బాపు నోరు ఆగదు." అట్లా ఇంట్లో అందరూ లోపం అతనిదే అనుకున్నారు. అమ్మ కూడా.

పెండ్లిళ్ళ కాలం మళ్ళీ వచ్చింది. దేవరుప్పులలో నా స్నేహితురాలి చెల్లెలి పెండ్లి. పెండ్లికొడుకుది మా ఆయన ఊరే. పెండ్లయ్యాక జంటను అబ్బాయి ఊరికి తీసుకుపోయి, అక్కడ ఊరేగింపు చెయ్యాలి. బాపు కారు మాట్లాడుకున్నారు. బాపు నడుపుతున్నాడు, పక్కన మా ఆయన. వెనక కొత్త జంట, వాళ్ళతో తోడుగా నేను. బాపు బయల్దేరే ముందే చాలా హుషారుగా ఉన్నాడు. అల్లుడి సొంతూరికి తను పోవడం మా పెండ్లి తర్వాత అదే మొదటిసారి.

హనుమకొండ దాటేదాకా ఏమీ లేదు. పరకాల దారిలో మొదలైంది. లారీని దాటుదామని తొక్కగానే కారు గిలగిల కొట్టుకుంది. ఎదురుగా బస్సు. బాపు మళ్ళీ లారీ వెనక్కి వచ్చాడు. పెండ్లికూతురు నా చెయ్యి పట్టుకుంది.

"సూసినవా బిడ్డా" అన్నాడు బాపు ఆ అమ్మాయితో, "గీ మిస్సింగోడు నా పక్కన కూసున్నంక బండెట్ల మంచిగ నడుస్తది?"

పెండ్లికొడుకు కిసుక్కుమన్నాడు. మా ఆయన కిటికీలోంచి పత్తిచేలు చూస్తున్నాడు. అంతకు ముందు ఏ పెండ్లికి పోయినా ముందురోజు సాయంత్రం మూత తీసి చూసుకునే మనిషి, ఈసారి తీయలేదు. నాకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు.

మేము ఊళ్ళోకి వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. బ్యాండువాళ్ళు సిద్ధంగా ఉన్నారు. జనమంతా రోడ్డు మీదే. అందరి ముందు కారు నాలుగు ఎగుర్లు ఎగిరి ఆగిపోయింది. పిల్లలు కేకలు పెట్టారు. జంటను దింపేసి ఇంటికి నడిపించారు. మా అత్త గుంపులోంచి ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. వియ్యంకుడికి కాళ్ళకు నీళ్ళివ్వాలని ఆమె ఆరాటం.

బాపు చెంబు అందుకోలేదు. బానెట్ ఎత్తి, జనం వైపు తిరిగాడు.

"మీ ఊరి పోరడే గదా, సూడుండ్లి ఈని పనితనం. ఉన్న సామాను పీకేసి కొత్తది పెట్టిండు. అప్పటి సంది మిస్సింగే." అందరినీ ఒకసారి చూసి, "ఒక్క ఇంజన్లనె కాదులే. ఇంట్లగూడ మిస్సింగే. ఇన్నేండ్లాయె, ఒక్క రవ్వ పుట్టలే" అన్నాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనవాడు ఒకడు పగలబడి నవ్వాడు. వాడిని చూసి మిగతావాళ్ళు నవ్వారు. బ్యాండులో డప్పు కొట్టేవాడు రెండు దెబ్బలు కూడా వేశాడు. చిన్నప్పటి నుంచి మా ఆయన్ను చూసినవాళ్ళు, అతనితో బడికి పోయినవాళ్ళు నవ్వుతున్నారు. మా అత్త చెంబును నేల మీద పెట్టింది. కొడుకు వైపు చూడలేదు.

"లోపం నాది బాపూ" అన్నాను.

గొంతు గట్టిగానే వచ్చింది. దగ్గరున్నవాళ్ళు నవ్వు ఆపారు. "డాక్టర్ చెప్పింది. ఆయనది కాదు, నాది."

బాపు నన్ను ఎగాదిగా చూశాడు. "మొగుణ్ణి ఎనకేసుకొస్తున్నది" అన్నాడు జనంతో. "నా బిడ్డ గదా, మంచిది. ఈనికి గా మంచితనం గూడ దండుగనే." మళ్ళీ నవ్వులు. నేను చెప్పిన నిజం ఆ నవ్వుల్లో అట్లాగే మునిగిపోయింది. ఇన్నేళ్ళు దాచిపెట్టిన మాట బయటపెడితే కనీసం నమ్ముతారనుకున్నాను.

బాపు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఏ సిలిండర్ సచ్చిందో ఇప్పుడు చూపిస్త. ఎక్కు, తాళం తిప్పు" అని మా ఆయనకు చెప్పాడు. ఫోన్లు పైకి లేచాయి. మా ఆయన ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. బానెట్ అడ్డం ఉండటం వల్ల అతనికి బాపు చేతులు కనపడవు. నేను కారు పక్కన నిలబడి ఉన్నాను, నాకు ఇద్దరూ కనపడుతున్నారు.

ఇంజన్ సాఫీగా తిరుగుతోంది. "రేజు ఇయ్యి" అన్నాడు బాపు. మా ఆయన తొక్కాడు. ఇంజన్ రెండు ఎక్కిళ్ళు పెట్టి అందుకుంది. "ఇంకింత ఇయ్యి." ఇంకా తొక్కాడు. ముందు ఫ్యాను రెక్కలు కనపడనంత వేగంగా తిరుగుతోంది.

వాడకట్టులో ఎవరైనా బానెట్ లోపల చెయ్యి పెడితే "వైరు ముట్టకుండ్లి" అని మొత్తుకునే మనిషి మా ఆయన. ఇంట్లో చిన్నపిల్లలొస్తే కారు దగ్గర కావలి ఉండేవాడు. ఆ రోజు ఒక్క మాట అనలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ఎదురుగా ఉన్న బానెట్ రేకును చూస్తూ కూర్చున్నాడు.

బాపు జనం వైపు చూసి నవ్వుతూ కుడిచేత్తో ఒక వైరు పట్టి పీకాడు.

టప్పున చప్పుడైంది. బాపు ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరింది. షాక్‌కు చెయ్యి విసురుగా వెనక్కి పోయి ఫ్యానులో పడింది. ఆ చప్పుడు గురించి నేను రాయను. బాపు వెనక్కి పడ్డాడు. పడ్డాక చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. అది తనదేనా అన్నట్టు చూసుకున్నాడు. రేడియేటర్ మీద, బంపర్‌కు కట్టిన బంతిపూల మీద రక్తం.

జనం వెనక్కి జరిగారు. బ్యాండు ఆగింది. ఇంజన్ మాత్రం అదే వేగంతో అరుస్తూనే ఉంది. నేను బాపు దగ్గర కూర్చుని ఏదో అంటున్నాను, ఏమన్నానో ఆ మోతలో నాకే వినపడలేదు.

మా అత్త కారు తలుపు దగ్గరికి నడిచి వెళ్ళింది. "బిడ్డా" అంది. "ఇంజన్ బంద్ చెయ్యి." అతను కదల్లేదు. ఆమె లోపలికి వంగి కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి, "సాలు. కాలు తియ్యి" అంది. అప్పుడు ఇంజన్ ఆగింది.

ఆమే చెంబులో నీళ్ళు బాపు చేతి మీద పోసింది. తన కొత్త చీర కొంగు చింపి కట్టు కట్టింది. బాపు ఆమె కళ్ళలోకి చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆటో తెస్త, భూపాలపల్లి దవాఖానకు తీస్కపోదం" అన్నారెవరో.

"వద్దు. కారులనే పోదం" అన్నాడు మా ఆయన. "జరసేపు."

జేబులోంచి బ్లేడు, ఒక కొత్త వైరు తీశాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తెరిచాడు. బాపు నేల మీద మూలుగుతున్నాడు, కట్టు తడిసి చుక్కలు కారుతున్నాయి. అతను తొందరపడలేదు. లోపల ఏదో కోసి నేల మీద పడేశాడు. పాత వైరు తీసి కొత్తది కలిపి, బిగించి, మూత పెట్టి, ఊడిన ప్లగ్గు వైరును తొడిగాడు. నేను వంగి కిందపడ్డ ముక్కను తీసుకున్నాను.

సైకిల్ ట్యూబు ముక్క. సన్నగా కోసి, రెండు ముడులు వేసి ఉంది. మా ఇంట్లో గొట్టం కారినా, చీపురు ఊడినా, మంచం కోడు కదిలినా బాపు సైకిల్ ట్యూబు ముక్కతోనే కడతాడు. ఆ రెండు ముడులూ ఆయనవే. వైరు వదులుగా ఉంటేనే పళ్ళెంతో పాటు జరుగుతుంది. దాన్ని ట్యూబుతో వెనక్కి లాగి కట్టేస్తే, పళ్ళెం జరిగినప్పుడల్లా లాక్కుని లాక్కుని లోపల తెగిపోతుంది. పైకి ఏమీ తెలియదు.

భూపాలపల్లి దారిలో కారు ఒక్కసారి కూడా ఎక్కిళ్ళు పెట్టలేదు. మా ఆయన ఎంత తొక్కితే అంత పోయింది. లారీలను దాటింది, బొగ్గు టిప్పర్లను దాటింది. వెనక సీట్లో బాపు తల నా ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు కానీ వింటున్నాడు. ఇంజన్ చప్పుడు వినడం ఆయన ఎప్పుడూ ఆపలేడు. అంత నొప్పిలోనూ, మా ఆయన గేరు మార్చిన ప్రతిసారీ బాపు దవడ బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

దవాఖానలో ఒక వేలు తీసేశారు. ఇంకో వేలు కుట్టారు కానీ అది ఇక వంగదని చెప్పారు. బయట బల్ల మీద మా ఆయనా నేనూ కూర్చున్నాం. నేను ట్యూబు ముక్కను అతని పక్కన పెట్టాను.

"నీకు ఎప్పటి సంది ఎర్క?"

"మొదటిసారి మూత తీసినప్పటి సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఎవల దిక్కు నిలవడ్తవో నాకెర్కలే" అన్నాడు. మామూలుగానే అన్నాడు. టీ తాగుతావా అని అడిగినట్టు.

"నిన్న ఎందుకు మూత తియ్యలే?"

"మా ఊర్ల ఆగాల్నని ఆయనకు మస్తు ఉండె. ఆగనీ అనుకున్న."

"వైరు పట్టుకుంటడని ఎర్కేనా?"

"జనం ఉంటె పట్టుకుంటడు" అన్నాడు.

"మరి రేజు ఎందుకిచ్చినవ్?"

"ఇయ్యిమన్నడు. ఇచ్చిన."

ఆ తర్వాత ఇన్నాళ్ళలో మేము ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు. అతను మంచివాడని నేను అనుకునేదాన్ని. ఓర్చుకునేవాడు మంచివాడని ఎందుకనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

బాపును జనగామ తీసుకొచ్చేలోపే వీడియో ఊరంతా తిరిగింది. "ఒక్క రవ్వ పుట్టలే" అనే దగ్గర మొదలై, ఎగిరి పడే దగ్గర ముగుస్తుంది. ఎవరో దానికి బ్యాండు మోత కలిపారు. బాపు చొక్కా చేతులు మడవడం, నవ్వడం, ఎగరడం. కింద నవ్వు బొమ్మలు. పక్కింటాయన వచ్చి, పరామర్శ చేసి, గడప దాటాక దాన్నే చూసి నవ్వుకున్నాడు. కిటికీలోంచి బాపు చూశాడు. జనం నవ్వితే చాలని బతికిన మనిషి. వాళ్ళు ఇప్పుడూ నవ్వుతున్నారు.

అమ్మ ఆ రోజంతా బాపుకు అన్నం కలిపి తినిపించింది. సాయంత్రం వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "గదేందో ఫోన్ల వచ్చిందట. నాకు జూపియ్యి" అంది.

"వద్దమ్మా."

"జూపియ్యి."

పెట్టాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. బాపు ఎగిరి పడ్డాడు. అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. నాకు ఫోను తిరిగి ఇచ్చింది.

"మళ్ళొకసారి పెట్టు" అంది.

ఇంకోసారి చూసి, లేచి, బాపుకు పాలు వేడి చేసింది.

బాపు కాస్త కోలుకున్నాక నేను ట్యూబు ముక్క ఆయన ముందు పెట్టాను. చూసి గుర్తుపట్టాడు.

"వైరు ఊగులాడుతుంటె గట్టిగ ఉంటదని కట్టిన" అన్నాడు. "తెగుతదని నాకెట్ల ఎర్క?"

ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. బాపు అన్నీ అట్లాగే కడతాడు.

"మరి నువ్వు కట్టిన ప్రతిసారి ఎవలో కోసేసిండ్లు. ఎవలు కోస్తున్నరని ఒక్కసారన్న ఎందుకడగలే బాపూ?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు.

మేము మహబూబాబాద్ మారాం. మా ఆయన అక్కడ సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. నన్ను బాగా చూసుకుంటాడు. మా అత్త అప్పుడప్పుడు వచ్చి కొన్నాళ్ళుండి పోతుంది. బాపు ఇక కారు నడపలేడు. స్టీరింగ్ కుడి పిడికిట్లో నిలవదు. పెండ్లిళ్ళకు ఇప్పుడు మా ఆయనే దాన్ని నడుపుతున్నాడు. మిస్సింగ్ అనే పేరు ఎవరూ అనరు. బాపు అల్లుణ్ణి ఇప్పుడు ఏ పేరుతోనూ పిలవడు.

మహబూబాబాద్‌లో మా ఆయనకు తెలిసిన, ఎముకలు చూసే బొక్కల డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆ వంగని వేలిని ఆయనకు చూపించాలని మొన్న జనగామ పోయి బాపును కారులో ఎక్కించుకున్నాం. బాపు ముందు సీట్లో, నేను వెనక. దేవరుప్పుల మీదుగా వచ్చాం. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

కొడకండ్లలో బాపు, "జర చాయ్ తాగుదమా?" అన్నాడు. అడిగిన తీరు నాకు కొత్తగా ఉంది. మా ఆయన రోడ్డు పక్కన ఆపి, దిగిపోయి, గ్లాసు నిండా చాయ్ పట్టుకొచ్చాడు. పొగలు కక్కుతోంది. కిటికీలోంచి బాపు కుడిచేతి వైపు చాపాడు.

బాపు ఎడమచెయ్యి ముందుకు పెట్టాడు. మా ఆయన గ్లాసును అటు జరపలేదు. కుడిచేతి ముందే పట్టుకుని నిలబడ్డాడు. కోపంగా లేడు. దూరంగా వస్తున్న బస్సు వైపు చూస్తున్నాడు, తొందరేమీ లేనట్టు.

చివరికి బాపు కుడిచెయ్యి ఎత్తి, ఉన్న వేళ్ళు గ్లాసు చుట్టూ వేసి, కింద ఎడమ అరచెయ్యి ఆనించి తీసుకున్నాడు. చాయ్ ఒలికి మణికట్టు మీంచి చొక్కాలోకి కారింది. అయినా కిందపడెయ్యలేదు. వంగి గ్లాసు అంచుకు నోరు పెట్టి తాగడం మొదలుపెట్టాడు.

నా పక్కన సీటు మీద చేతిరుమాలు ఉంది. నేను దాన్ని అందివ్వలేదు. బాపు ఖాళీ చేసేదాకా మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. తర్వాత గ్లాసు తీసుకుని, వెనక్కి తిరిగి నన్ను అడిగాడు, "నీకు గూడ చెప్పాల్నా?"

"చెప్పు" అన్నాను. "చక్కెర తక్కువ."